కృష్ణ పదార్థానికి సూపర్‌సిమెట్రీ జవాబు: కొట్టుకుపోయిందెంత, మిగిలిందెంత

క్లుప్తంగా: కంటికి కనబడకుండా గురుత్వాకర్షణతోనే జాడ చూపే కృష్ణ పదార్థం, తెలిసిన ప్రతి కణానికీ ఒక కొత్త జోడీ ఉంటుందనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతపు కణాలతో తయారైందన్న ఊహ పూర్తిగా తప్పని ఇంకా తేలలేదు. కణాలను ఢీకొట్టించే యంత్రమైన కొలైడర్‌కు సులువుగా చిక్కాల్సిన తేలిక రూపాలు మాత్రం చాలావరకు పోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైన కణాలు రెండు: 1.1 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల (టీఈవీ, కణాల బరువుకు వాడే కొలత) దగ్గర హిగ్సినో, 3కి కాస్త తక్కువలో వీనో. ఈ రెంటినీ నేటి కొలైడర్ అందుకోలేదు.

"సూపర్‌సిమెట్రీకి కాలం చెల్లింది" అని ఒక శీర్షిక. కొన్నాళ్లకే "కృష్ణ పదార్థం జాడ దొరికిందా?" అని ఇంకొకటి. మొదటిది చదివినవాళ్లు సిద్ధాంతం మొత్తం తప్పని తేలిపోయిందనుకుంటారు. రెండోది చదివినవాళ్లు రేపో మాపో కణం పట్టుబడుతుందనుకుంటారు. రెండూ సరికాదు. సూపర్‌సిమెట్రీని నమ్మడానికి ఒకప్పుడు రెండు వేర్వేరు కారణాలుండేవి. రెండూ ఒకే రకం కణాల వైపు వేలు చూపించేవి కాబట్టి విడిగా చూడాల్సిన అవసరం రాలేదు. ప్రయోగాలు ఆ రెంటినీ ఇప్పుడు విడదీశాయి. దేనికి ఎంత దెబ్బ తగిలిందో చూస్తేనే ఈ గందరగోళం తీరుతుంది.

కనిపించని బరువు

1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపును పరిశీలించాడు. అందులోని గెలాక్సీల వేగాన్ని చూస్తే, కనిపించే పదార్థపు గురుత్వాకర్షణ ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదని తేలింది. 1970ల్లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గెలాక్సీల అంచుల్లోని పదార్థం కూడా తగ్గాల్సినంత నెమ్మదించడం లేదని చూపించారు. తర్వాత ప్లాంక్ ఉపగ్రహం విశ్వపు తొలినాటి వెలుగును కొలిచి లెక్క తేల్చింది. విశ్వంలోని మొత్తం శక్తిలో మామూలు పదార్థం 5 శాతం, కృష్ణ పదార్థం సుమారు 27 శాతం. మిగతాది కృష్ణ శక్తి, అది వేరే కథ.

ఈ కొలతలను బట్టి కణానికి ఉండాల్సిన లక్షణాలు తెలుస్తాయి. దానికి విద్యుదావేశం ఉండకూడదు. కోట్ల సంవత్సరాలు విచ్ఛిన్నం కాకుండా నిలవాలి. గెలాక్సీలు ఏర్పడే నాటికి నెమ్మదిగా కదులుతూ ఉండాలి. తెలిసిన కణాల్లో దగ్గరగా వచ్చేది న్యూట్రినో ఒక్కటే. అది మరీ తేలిక, మరీ వేగం. అందువల్ల కొత్త కణం ఒకటి కావాలి.

హిగ్స్ చిక్కు, ప్రోటాన్ చిక్కు

తెలిసిన కణాలు రెండు జాతులు. ఎలక్ట్రాన్, క్వార్క్ లాంటివి ఫెర్మియాన్లు. ఫోటాన్, హిగ్స్ లాంటివి బోసాన్లు. ఒక్కో ఫెర్మియాన్‌కు ఒక బోసాన్ జోడీ, ఒక్కో బోసాన్‌కు ఒక ఫెర్మియాన్ జోడీ ఉండాలనేదే సూపర్‌సిమెట్రీ. 1971లో సోవియట్ యూనియన్‌లో గోల్ఫాండ్, లిఖ్త్‌మాన్ ఈ గణితాన్ని మొదలుపెట్టారు. 1974లో వెస్, జుమినో రాసిన పత్రంతో అది అందరికీ చేరింది. జోడీల బరువులు సమానంగా ఉంటే అవి ఎప్పుడో కనిపించేవి. కనిపించలేదు కాబట్టి ఈ సౌష్ఠవం ఎక్కడో చెదిరి, కొత్త జోడీలు బరువెక్కి ఉండాలి. ఎంత బరువు అన్నదే నలభై ఏళ్లకు పైగా సాగుతున్న వెతుకులాట.

ఈ ఊహ కృష్ణ పదార్థం కోసం పుట్టలేదు. దానికి గిరాకీ తెచ్చింది, ఇతర కణాలకు బరువునిచ్చే క్షేత్రానికి చెందిన హిగ్స్ కణపు బరువు. క్వాంటం సిద్ధాంతం ప్రకారం హిగ్స్ చుట్టూ క్షణకాలం పుట్టి మాయమయ్యే కణాలు దాని బరువును పైకి నెడుతూ ఉంటాయి. లెక్క వేస్తే ఆ సవరణలు అసలు బరువును మించి ఎక్కడికో పోతాయి. సూపర్‌సిమెట్రీలో ఫెర్మియాన్ తెచ్చే సవరణను దాని బోసాన్ జోడీ కొట్టేస్తుంది. అయితే ఈ కొట్టివేత సరిగ్గా జరగాలంటే కొత్త కణాల బరువు హిగ్స్ బరువుకు మరీ దూరంగా ఉండకూడదు. అంటే వందల గిగా ఎలక్ట్రాన్ వోల్టులు (జీఈవీ), మహా అయితే వెయ్యి. ప్రోటాన్ బరువు సుమారు 1 జీఈవీ, వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ.

రెండో చిక్కు ప్రోటాన్‌ది. కొత్త కణాలను ఊరికే చేరిస్తే ప్రోటాన్ క్షణాల్లో విచ్ఛిన్నమైపోయే దారులు తెరుచుకుంటాయి. మనం ఇంకా ఉన్నాం కాబట్టి ఆ దారులు మూసేయాలి. అందుకోసం పెట్టిన నియమమే ఆర్-పారిటీ. మామూలు కణానికి ప్లస్ ఒకటి, కొత్త జోడీకి మైనస్ ఒకటి. ఏ చర్యలోనైనా వీటి లబ్ధం మారకూడదు. దాంతో ప్రోటాన్ భద్రం. కొసరుగా ఇంకొకటి కూడా దక్కింది. కొత్త కణం విచ్ఛిన్నమైతే వచ్చే ముక్కల్లో ఇంకో కొత్త కణం తప్పనిసరిగా ఉండాలి. అలా దిగుతూ పోతే అన్నిటికంటే తేలికైన దానికి ఇక దిగడానికి చోటు లేదు. అది శాశ్వతంగా నిలిచిపోతుంది. ఆవేశం లేని, నిలకడగల, బరువైన కణం అడగకుండానే చేతికొచ్చింది. 1983లో గోల్డ్‌బర్గ్, 1984లో ఎల్లిస్ బృందం ఆ కణాన్ని కృష్ణ పదార్థంగా లెక్కగట్టి చూపించారు. సిద్ధాంతవేత్తలు సూపర్‌సిమెట్రీని అంతగా ఇష్టపడటానికి ఈ కొసరే పెద్ద కారణం.

మిగులు లెక్క

పుట్టిన కొత్తలో విశ్వం విపరీతమైన వేడితో ఉండేది. ఆ వేడిలో కొత్త కణాలు పుట్టేవి, ఒకదానితో ఒకటి ఢీకొని మామూలు కణాలుగా మారిపోయేవి. విశ్వం చల్లబడ్డాక పుట్టుక ఆగింది. చావు మాత్రం కొంతకాలం సాగింది. విశ్వం వ్యాకోచిస్తున్నకొద్దీ కణాల మధ్య ఎడం పెరిగి, చివరికి అదీ ఆగిపోయింది. తిరునాళ్లలో జనం కిక్కిరిసి ఉన్నప్పుడు అడుగడుక్కీ ఒకరికొకరు తగులుతారు, పలచబడ్డాక వెతికినా ఎదురుపడరు. ఆ దశలో మిగిలిన కణాలే నేటికీ ఉన్నాయన్నది వాదన. 100 జీఈవీ కణానికి ఇదంతా సెకనులో కోటో వంతు గడవకముందే ముగిసిపోతుంది.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఢీకొని నశించే గుణం ఎక్కువున్న కణం తక్కువ మిగులుతుంది, తక్కువున్నది ఎక్కువ మిగులుతుంది. ప్లాంక్ కొలిచిన మొత్తం మిగలాలంటే నశించే రేటు ఎంతుండాలో లెక్కగడితే, అది రేడియోధార్మికతకు కారణమైన బలహీన బలం స్థాయికి దగ్గరగా వచ్చింది. హిగ్స్ చిక్కు కోరిన బరువు, కృష్ణ పదార్థం కోరిన బలం ఒకే చోట కలిశాయి. దీన్ని "వింప్ అద్భుతం" అన్నారు (వింప్ అంటే బలహీనంగా కలిసే బరువైన కణం). అద్భుతమనేది కాస్త ఎక్కువ మాటే. దగ్గరగా చూస్తే ఆ లెక్క వెయ్యి రెట్ల వెసులుబాటుతో కుదురుతుంది.

న్యూట్రలినో లోపల ఏముంది

ఆవేశం లేని ఆ కొత్త కణానికి పేరు న్యూట్రలినో. వార్తల్లో దాన్ని ఒకే కణంలా చెప్పేస్తారు. వచ్చే గందరగోళమంతా అక్కడే. అది నాలుగు దినుసుల మిశ్రమం: బలహీన, విద్యుదయస్కాంత బలాలను మోసే బోసాన్లకు జోడీలైన బీనో, వీనో; హిగ్స్‌కు జోడీలైన రెండు హిగ్సినోలు. వీటి పాళ్లను బట్టి నాలుగు న్యూట్రలినోలు ఏర్పడతాయి. వాటిలో తేలికైనది కృష్ణ పదార్థానికి అభ్యర్థి. దానిలో ఏ దినుసు ఎక్కువన్నదాన్ని బట్టి ప్రవర్తన పూర్తిగా మారిపోతుంది.

బీనో పాలు ఎక్కువైతే కణం పెద్దగా ఎవరితోనూ కలవదు. నశించడం తక్కువ కాబట్టి మరీ ఎక్కువగా మిగిలిపోతుంది, విశ్వంలో ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు. దాన్ని తగ్గించడానికి ఏదో ఒక తోడు కావాలి. ఎలక్ట్రాన్ జోడీల్లాంటివి 100 జీఈవీ దగ్గర ఉంటే పని జరిగేది. యూరప్ కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో 2000 వరకు నడిచిన ఎలక్ట్రాన్-పాజిట్రాన్ కొలైడర్ ఆ అవకాశాన్ని చాలావరకు మూసేసింది. ఇంకో దారి, బీనోతో దాదాపు సమాన బరువున్న వేరే కొత్త కణం పక్కనే ఉండి, రెండూ కలిసి నశించడం. అది ఇప్పటికీ సాధ్యమే. కానీ రెండు బరువులు అంత దగ్గరగా ఎందుకు రావాలన్న ప్రశ్నకు జవాబు లేదు.

వీనో, హిగ్సినోల తీరు దీనికి తలకిందులు. బలహీన బలంతో గట్టిగా కలుస్తాయి, చకచకా నశిస్తాయి. తేలిక హిగ్సినో అయితే మిగిలేదే తక్కువ. మిగులు బరువు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి, 300 జీఈవీ హిగ్సినో కావాల్సిన కృష్ణ పదార్థంలో పదో వంతు కూడా ఇవ్వదు. మొత్తం ఇవ్వాలంటే హిగ్సినో 1.1 టీఈవీ, వీనో 3 టీఈవీకి కాస్త తక్కువ ఉండాలి. ఈ అంకెలు ఎవరో కొలైడర్ ఫలితాలు చూసి వెనక్కి జరిపినవి కావు. కృష్ణ పదార్థపు లెక్క ఒక్కదాన్నే పట్టుకుంటే మొదటి నుంచీ వచ్చేవి ఇవే.

మూడో పద్ధతి కలపడం. ఎక్కువ మిగిలే బీనోను, తక్కువ మిగిలే హిగ్సినోను సరైన పాళ్లలో కలిపితే తేలిక బరువులోనే సరైన మిగులు వస్తుంది. హిగ్స్ చిక్కుకూ ఈ తేలిక బరువే కావాలి. 2000ల్లో ఇష్టంగా చెప్పుకున్న నమూనాల్లో చాలావాటికి ఈ మిశ్రమమే ఆధారం. ఈ పాళ్లు కుదిరిన కణానికి "వెల్-టెంపర్డ్ న్యూట్రలినో" అని పేరు కూడా పెట్టారు. దీని గతి ఏమైందో భూగర్భ ప్రయోగాల దగ్గర తెలుస్తుంది.

కొలైడర్ ఏం చూసింది

సెర్న్‌లోని లార్జ్ హాడ్రన్ కొలైడర్ 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టిస్తుంది. కృష్ణ పదార్థం పుట్టినా డిటెక్టర్‌లో కనబడదు. కనబడేది లోటు. ఒకవైపు చిమ్మిన కణాల మోతకు ఎదురువైపు సరిపడా మోత లేకపోతే, ఏదో కనబడకుండా జారుకుందని అర్థం. న్యూట్రినోలు కూడా అలాగే జారుకుంటాయి కాబట్టి, వాటి వంతు తీసేశాక మిగులు ఉందా అన్నది చూడాలి. ఇప్పటివరకు మిగల్లేదు. క్వార్కులను కలిపి ఉంచే బలమైన బలాన్ని మోసే గ్లూవాన్‌కు జోడీ అయిన గ్లూయినో సుమారు 2.2 టీఈవీ వరకు లేదని అక్కడి పెద్ద డిటెక్టర్లయిన అట్లాస్, సీఎంఎస్ బృందాలు చెబుతున్నాయి. ఈ అంకెలు సరళీకరించిన నమూనాలవి. గ్లూయినో ఫలానా విధంగానే విచ్ఛిన్నమవుతుందనీ, చివరి కణం తేలికగా ఉందనీ అనుకుంటే వచ్చే హద్దులు. వార్తల్లో ఈ షరతు తరచూ జారిపోతుంది.

నిజానికి తొలి హెచ్చరిక 2012 జులై 4నే వచ్చింది, హిగ్స్ రూపంలో. కనీస సూపర్‌సిమెట్రీ నమూనాలో హిగ్స్ బరువు ప్రాథమిక లెక్కలో, బలహీన బలాన్ని మోసే జెడ్ బోసాన్ బరువును, అంటే 91 జీఈవీని, మించకూడదు. దొరికింది 125 దగ్గర. ఆ తేడా పూడాలంటే టాప్ క్వార్క్ జోడీలు చాలా బరువుగా ఉండాలి, లేదా వాటి మధ్య కలయిక విపరీతంగా ఉండాలి. కొత్త కణాలు అంత తేలికగా దొరకవని హిగ్సే చెప్పినట్టయింది.

మరి కృష్ణ పదార్థానికి కావాల్సిన హిగ్సినో, వీనోల సంగతి? వీటి విషయంలో కొలైడర్ చూపు అంత దూరం పోదు. గ్లూయినో బలమైన బలంతో పుడుతుంది కాబట్టి కుప్పలుగా పుట్టాలి. హిగ్సినో పుట్టేది అరుదుగా, అదీ పట్టుకోవడానికి వీల్లేకుండా. వీనో సంగతి కొంచెం దగ్గర్నుంచి చూడాలి. వీనోకు ఆవేశమున్న తోడు కణం ఒకటి ఉంటుంది. రెంటి బరువులో తేడా సుమారు 165 ఎంఈవీ (జీఈవీలో వెయ్యో వంతు ఒక ఎంఈవీ) మాత్రమే, ప్రోటాన్ బరువులో ఆరో వంతు. ఆ తోడు కణం డిటెక్టర్‌లోకి వచ్చి కొన్ని సెంటీమీటర్లు గీత గీస్తుంది. తర్వాత కనబడని వీనోగా, పయాన్ అనే ఒక బలహీనమైన తేలిక కణంగా విడిపోతుంది. పయాన్ శక్తి ఎంత తక్కువంటే దాన్ని పట్టుకోవడమే కష్టం. గీత మధ్యలోనే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఇలాంటి తెగిన గీతల కోసం వెతికి వీనోను సుమారు 650 జీఈవీ వరకు, హిగ్సినోను 200 జీఈవీ పరిసరాల వరకు తోసిపుచ్చారు. కావాల్సినవి 1,100, దాదాపు 3,000. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, "కొలైడర్ తేల్చేసింది" అనడం ఎంత తొందరపాటో తెలుస్తుంది.

గనిలో ద్రవ జెనాన్

అమెరికాలోని దక్షిణ డకోటాలో, ఒకప్పటి హోమ్‌స్టేక్ బంగారు గనిలో, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు లోతున ఎల్‌జెడ్ ప్రయోగం నడుస్తోంది. 10 టన్నుల జెనాన్‌ను ద్రవంగా చల్లబరిచి ఉంచారు, అందులో 7 టన్నులు కొలతకు పనికొచ్చే భాగం. పాలపుంతలోని కృష్ణ పదార్థపు కణం వచ్చి జెనాన్ కేంద్రకానికి తగిలితే ముందు ఒక చిన్న మెరుపు వస్తుంది. అదే తాకిడిలో ఊడిన ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం పైకి లాగుతుంది. అవి ద్రవం దాటి పైనున్న వాయువులోకి చేరగానే రెండో మెరుపు. పైనా కిందా కలిపి వెలుగును పసిగట్టే 494 గొట్టాలు ఈ రెంటినీ చూస్తాయి. రెండు మెరుపుల మధ్య వ్యవధి లోతు చెబుతుంది, పైగొట్టాల మీద పడిన వెలుగు తీరు చోటు చెబుతుంది. రెండింటి బలాల నిష్పత్తిని బట్టి తగిలింది కేంద్రకానికా, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్‌కా అన్నది తెలుస్తుంది. గామా కిరణాలూ, మామూలు రేడియోధార్మికతా ఎక్కువగా ఎలక్ట్రాన్లకు తగులుతాయి. కృష్ణ పదార్థం తగలాల్సింది కేంద్రకానికి.

2024లో 280 రోజుల దత్తాంశంతో ఎల్‌జెడ్ ప్రకటించిన హద్దు 40 జీఈవీ దగ్గర అత్యంత కఠినం. తాకిడి అవకాశాన్ని చదరపు సెంటీమీటర్లలో చెబితే, దశాంశ బిందువు తర్వాత 47 సున్నాలు పెట్టి ఆపై 22 రాయాలి. బరువైన కణాలకు ఈ హద్దు కొంత సడలుతుంది. కారణం తేలికే. మన పరిసరాల్లో కృష్ణ పదార్థపు మొత్తం బరువు తెలుసు. ఒక్కో కణం బరువు పెరిగితే కణాల సంఖ్య తగ్గుతుంది. ఒక్కోటి 1 టీఈవీ అయితే మూడు లీటర్ల చోటుకు ఒక్కటి చొప్పున మాత్రమే ఉంటాయి.

వెల్-టెంపర్డ్ న్యూట్రలినోను దెబ్బతీసింది ఈ రకం ప్రయోగాలే. న్యూట్రలినో కేంద్రకానికి తగిలేది ప్రధానంగా హిగ్స్ ద్వారా. హిగ్స్‌తో ముడిపడాలంటే అందులో బీనో గానీ వీనో గానీ హిగ్సినోతో కలిసి ఉండాలి. కలయిక ఎంత ఎక్కువైతే తాకిడి అంత ఎక్కువ. సరైన మిగులు కోసం చేసిన కల్తీయే దాన్ని పట్టించే గుర్తు అయింది. ఆ స్థాయి తాకిడులు ఉంటే ఎల్‌జెడ్, దాని ముందటి జెనాన్ ప్రయోగాలు ఎప్పుడో చూసేవి. కొన్ని మూలల్లో భిన్న ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే సందులున్నాయి తప్ప, తేలిక మిశ్రమానికి ఇక పెద్దగా చోటు లేదు.

స్వచ్ఛమైన హిగ్సినోకు ఈ ముడి దాదాపు లేదు. దాని తాకిడి అవకాశం నేటి హద్దుకు చాలా కింద ఉంది. అక్కడికి చేరేలోపు ఇంకో అడ్డంకి కూడా ఉంది. సూర్యుడి నుంచీ, వాతావరణం నుంచీ వచ్చే న్యూట్రినోలు కూడా కేంద్రకాలను తాకి అలాంటి మెరుపులే ఇస్తాయి. 2024లో చైనాలోని పాండాఎక్స్, ఇటలీలోని జెనాన్-ఎన్‌టన్ బృందాలు సూర్యుడి బోరాన్-8 న్యూట్రినోల తొలి సూచనలు చూశామని ప్రకటించాయి. ప్రయోగాలుగా అది విజయమే. స్వచ్ఛమైన హిగ్సినో వెతుకులాటకు మాత్రం అది గోడ ఎదురవడం లాంటిది.

"దొరికింది" అన్న వార్తల్లో పాతది ఇటలీలోని డామా ప్రయోగానిది. సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో ఏటా ఒకే తీరున పెరిగి తగ్గే సంకేతం ఉందని అది చాలా ఏళ్లుగా చెబుతోంది. అదే రకం స్ఫటికాలతో కొరియాలో కొసైన్-100, స్పెయిన్‌లో అనైస్ చూస్తే అది కనిపించలేదు.

ఆకాశం వైపు

కృష్ణ పదార్థం దట్టంగా ఉన్నచోట కణాలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఢీకొని నశించాలి, గామా కిరణాలు రావాలి. పాలపుంత కేంద్రం అలాంటి చోటు. ఫెర్మి ఉపగ్రహం దత్తాంశంలో అక్కడ కొన్ని జీఈవీల దగ్గర మిగులు వెలుగు ఉందని 2009 నుంచి చెబుతున్నారు. కృష్ణ పదార్థమా, విడివిడిగా గుర్తించలేనన్ని పల్సార్ల (వేగంగా తిరిగే మృత నక్షత్రాల) వెలుగా అన్న వాదం ఇంకా తెగలేదు.

వీనోకు మాత్రం ఆకాశమే గట్టి పరీక్ష. నెమ్మదిగా ఎదురుపడే రెండు బరువైన వీనోలు బలహీన బలం వల్ల ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుంటాయి, నశించే రేటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నమీబియాలోని హెస్ దూరదర్శినుల కొలతలతో పోల్చితే, పాలపుంత కేంద్రంలో కృష్ణ పదార్థం బాగా కుప్పపడి ఉన్నట్టయితే వీనో పోయినట్టే. మధ్యలో పలచగా పరుచుకుని ఉంటే బతికే ఉంది. ఒక కణం బతుకు గెలాక్సీ నడిబొడ్డులో సాంద్రత ఎలా ఉందన్న ఖగోళ ప్రశ్న మీద ఆధారపడింది.

విడిపోయిన రెండు కారణాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. హిగ్స్ చిక్కు తేలిక కణాలను కోరింది, అవి దొరకలేదు. 1.1 టీఈవీ హిగ్సినో ఉందనుకుంటే జెడ్ బోసాన్ బరువు సరిగ్గా రావడానికి సుమారు 300లో ఒక వంతు స్థాయిలో అంకెలు సర్దుబాటు కావాలి. సర్దుబాట్లు తప్పించడానికి పుట్టిన సిద్ధాంతానికి ఇది ఇబ్బందే. ఇది అసాధ్యమని ఏ నియమమూ చెప్పదు. అలాగని దాచిపెట్టాల్సిన విషయమూ కాదు. కృష్ణ పదార్థపు వాదన ఒక్కదాన్నే తీసుకుంటే దానికి ఇప్పటిదాకా చావుదెబ్బ తగల్లేదు. తగిలింది ఆ రెండూ ఒకే కణంతో తీరతాయన్న ఆశకు.

ఆ ఆశ సన్నగిల్లాక పరిశోధన నలుదిక్కులా విస్తరించింది. 1977లో వేరే చిక్కు కోసం ప్రతిపాదించిన ఆలోచన నుంచి పుట్టిన ఆక్సియాన్ అనే అతితేలిక కణానికి ఇప్పుడు మంచి ఆదరణ ఉంది. ప్రోటాన్ కంటే ఎంతో తేలికైన కణాల కోసం వెతుకులాట పెరిగింది. జార్ఖండ్‌లోని జాదుగుడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఉన్న ప్రయోగశాలలో మరిగే స్థాయి దాటి వేడెక్కినా ద్రవంగానే నిలిచిన (అతితప్త) బిందువులతో సాగుతున్న పని కూడా తేలిక కణాల కోసమే. గురుత్వాకర్షణ నియమాన్నే మార్చాలనే వాదం 1983 నుంచీ ఉంది. గెలాక్సీల భ్రమణాన్ని అది బాగానే వివరిస్తుంది. గెలాక్సీల గుంపుల దగ్గరా, ప్లాంక్ కొలతల దగ్గరా తడబడుతుంది.

మిగిలిన హిగ్సినోను తేల్చగలిగేవి ఏవి? కొలైడర్‌ను 2030 నుంచి మరింత తీవ్రతతో నడపాలన్నది ప్రణాళిక. దాంతో హద్దులు ముందుకు జరుగుతాయి గానీ 1.1 టీఈవీ అందదు. సెర్న్ ఆలోచిస్తున్న 91 కిలోమీటర్ల కొత్త సొరంగంలో ప్రోటాన్ యంత్రం వస్తే అందుతుంది. అది రావడానికి 2070ల వరకు పట్టవచ్చు. అంతకంటే ముందు పనికొచ్చేది గామా కిరణాల దారి. లడఖ్‌లోని హాన్లేలో, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తోడ్పాటుతో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నిర్మించిన 21 మీటర్ల మేస్ దూరదర్శిని 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అదీ ఈ రకం కిరణాలనే పడుతుంది. కాకపోతే హాన్లే నుంచి చూస్తే పాలపుంత కేంద్రం దిగంతానికి 28 డిగ్రీలకు మించి పైకి రాదు. కిరణాలు మందమైన వాతావరణం దాటి రావాలి. చిలీలోని పరానాల్ దగ్గర కడుతున్న, గామా కిరణాలు వాతావరణంలో పుట్టించే మెరుపులను చూసే చెరెన్‌కోవ్ దూరదర్శినుల సముదాయానికి ఆ కేంద్రం దాదాపు నడినెత్తిన ఉంటుంది. దాని చూపు హిగ్సినోకు కావాల్సిన స్థాయికి చేరుతుందని అంచనాలున్నాయి. అయితే వీనోకు ఎదురైన షరతే అక్కడా వర్తిస్తుంది: కేంద్రంలో కృష్ణ పదార్థం ఎంత కుప్పపడి ఉందన్నది తెలియాలి.